మూత వేశాక ఏం జరుగుతుంది? షీల్డ్ బాక్సులు, వాటిలోని యాంటెన్నాల మీద ఒక ప్రసంగం

అందరికీ వినబడుతోందా? వెనక వరుసలో? సరే. ఈరోజు మాట షీల్డ్ బాక్సుల గురించి, అంటే బయటి రేడియో సిగ్నల్ లోపలికి రాకుండా ఆపి, వైర్‌లెస్ పరికరాలని కొలవడానికి వాడే లోహపు పెట్టెల గురించి.

స్లైడ్లు మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని చెప్తాను, ఇంటికెళ్లాక చేసి చూడండి. మైక్రోవేవ్ ఓవెన్ ప్లగ్గు పీకేసి (పీకడం మాత్రం మర్చిపోకండి, పొరపాటున ఆన్ అయితే ఫోన్ పోతుంది, ఓవెనూ పోవచ్చు) లోపల మీ ఫోన్ పెట్టి, తలుపు వేసి, ఇంకో ఫోన్‌తో దానికి కాల్ చేయండి. చాలాసార్లు లోపలి ఫోన్ హాయిగా మోగుతుంది. అది మోగగానే కొందరు 'అమ్మో, మా ఓవెన్ లీకవుతోంది' అని కంగారు పడతారు. ఇంకొందరు, వీళ్లు మనవాళ్లే, ఇంజినీర్లే, 'లోహపు పెట్టెలో మూసేసినా సిగ్నల్ ఎలా వస్తోంది, ఫారడే చెప్పింది తప్పా' అంటారు.

ఫారడే చెప్పింది తప్పు కాదు. ఆయన 1836లో గదంత చట్రానికి లోహపు రేకు చుట్టించి, బయట నుంచి విద్యుత్ మెరుపులు కొట్టిస్తూ, తనే లోపలికెళ్లి ఎలక్ట్రోస్కోప్‌తో చూశాడు. లోపల చలనం లేదు. కానీ ఆయన చేతిలో ఉన్నది ఎలక్ట్రోస్కోప్, మీ చేతిలో ఉన్నది ఫోన్. ఫోన్ చెవి ఎంత పదునైందంటే, మిల్లీవాట్‌లో వెయ్యి కోట్లో వంతు అందినా సిగ్నల్‌ని పట్టుకుంటుంది. మన భాషలో అది మైనస్ 100 డీబీఎం, అంటే ఒక మిల్లీవాట్‌ని సున్నాగా పెట్టుకుని, పవర్ పదో వంతు అయిన ప్రతిసారీ పది తగ్గించే లెక్క. టవర్ దగ్గర్లో ఉంటే మీ ఫోన్‌కి మైనస్ 60 దాకా అందుతూ ఉంటుంది. ఓవెన్ గోడ 40 డెసిబెల్స్ ఆపింది అనుకుందాం, అంటే పదివేల వంతుల్లో ఒక వంతు మాత్రమే లోపలికి వదిలింది. వంట చేసే మనిషికి ఇది బ్రహ్మాండమైన రక్షణ. ఫోన్‌కి మాత్రం మైనస్ 60 కాస్తా మైనస్ 100 అయింది, అంతే, అది ఇంకా వింటూనే ఉంది. పైగా ఓవెన్ తలుపు చుట్టూ ఉండే గాడిని చోక్ అంటారు, దాని లోతు 2.45 గిగాహెర్ట్జ్‌కి పావు తరంగదైర్ఘ్యం లెక్కన, అంటే 3 సెంటీమీటర్ల లెక్కన కొలిచి పెడతారు. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే అది కాపలా. 900 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడే ఫోన్‌ని అదేం పట్టించుకోదు.

ఓవెన్ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఆస్ట్రేలియాలో పార్క్స్ అనే 64 మీటర్ల రేడియో టెలిస్కోప్ ఉంది. దానికి ఏళ్ల తరబడి అంతుబట్టని చిన్న చిన్న రేడియో మెరుపులు అందుతుండేవి, వాటికి పెరిటాన్లు అని పేరు కూడా పెట్టారు. 2015లో తేలిందేంటయ్యా అంటే, ఎవరో టైమర్ అయిపోకుండానే అక్కడి ఓవెన్ తలుపు తీసేస్తున్నారు. లోపల తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ ఆరిపోయే ఆ కాస్త క్షణంలో బయటపడిన సిగ్నల్ అది. అంత పెద్ద టెలిస్కోప్, చివరికి దొరికింది వంటగదిలో.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరొక వైర్‌లెస్ పరికరం తయారు చేశారు. వైఫై కావచ్చు, బ్లూటూత్ కావచ్చు, దాని రిసీవర్ ఎంత బలహీనమైన సిగ్నల్‌ని వినగలదో కొలవాలి. మూడు మీటర్ల దూరంలో ఎవరిదో రౌటర్ మోగిపోతోంది. ఎన్ని డెసిబెల్స్ పెట్టె కావాలి? కేటలాగ్ చూసి 'పెద్ద నంబర్ ఉన్నదే తీసుకుందాం' అనకండి, కాగితం మీద రెండు లైన్లు రాయండి చాలు. రౌటర్ పంపేది 20 డీబీఎం. 2.4 గిగాహెర్ట్జ్‌లో మొదటి మీటరుకే 40 డెసిబెల్స్ పోతాయి, దూరం రెట్టింపైన ప్రతిసారీ ఇంకో 6 పోతాయి, మూడు మీటర్లకి మొత్తం 50 అనుకోండి. అంటే మీ పెట్టె గోడని తాకేది మైనస్ 30. ఇటు మీ రిసీవర్ సంగతి చూస్తే, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్‌లో వేడి వల్ల సహజంగా ఉండే రొద మైనస్ 101, దానికి రిసీవర్ సొంత రొద కలిపితే మైనస్ 95 దగ్గర ఉంటుంది. పక్కింటి రౌటర్ ఈ గీత కిందకి వెళ్లాలంటే కనీసం 65 కావాలి, నిశ్చింతగా నిద్రపోవాలంటే 80. ఇంకో మంచి సంగతి ఏంటంటే, రెండు పరికరాలని రెండు వేర్వేరు పెట్టెల్లో పెడితే వాటి మధ్య డెసిబెల్స్ కలుస్తాయి. 80, 80 కలిసి కాగితం మీద 160.

కాగితం మీద అన్నాను, గమనించారా?

చాలామంది షీల్డింగ్ అనగానే గోడ మందం గురించి ఆలోచిస్తారు. నాకు ఇది ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంటు లోహంలోకి లోతుగా దిగదు, పైపైన పాకుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అల్యూమినియంలో ఆ లోతు 2 మైక్రాన్లు కూడా ఉండదు, రాగిలో ఇంకా తక్కువ. ఆ లోతు దాటిన ప్రతిసారీ దాదాపు 8.7 డెసిబెల్స్ పోతాయి. వంటింట్లో చుట్టే అల్యూమినియం రేకు ఉందే, అది పదహారు మైక్రాన్లు ఉంటే చాలు, లోహంలో ఇంకిపోయేదే 80 డెసిబెల్స్, పైనుంచి తిరిగిపోయేది వేరే. అంటే కాగితంలాంటి రేకు చేసే పనికి మీరు మూడు మిల్లీమీటర్ల ఉక్కు గోడ కడుతున్నారు. కట్టండి, పెట్టె వంగకుండా నిలబడాలంటే కావాల్సిందే. కానీ షీల్డింగ్ అక్కడ లేదు.

షీల్డింగ్ ఉన్నది, లేదా పోయేది, కన్నాల దగ్గర. ఇక్కడ మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. కన్నం అనగానే దాని వైశాల్యం చూస్తాం, 'వేలు కూడా దూరదు, ఏమవుతుందిలే' అంటాం. తరంగానికి వైశాల్యంతో పనిలేదు, పొడవు కావాలి. మూతకీ పెట్టెకీ మధ్య కాగితం పట్టేంత సన్నటి సందు ఉంది, పొడవు 6 సెంటీమీటర్లు, అనుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, సగం 6.25. అంటే మీరు మూత మీద ఒక చక్కటి స్లాట్ యాంటెన్నా, చీలికే యాంటెన్నాలా పని చేసేది, కోసి పెట్టారన్నమాట! కొందరు కావాలని కోసి విమానాల మీద వాడతారు, మీరు స్క్రూల మధ్య దూరం తప్పుగా పెట్టి ఉచితంగా సంపాదించారు. వైఫై ఇప్పుడు 7 గిగాహెర్ట్జ్ దాకా వచ్చేసింది, అక్కడ సగం తరంగదైర్ఘ్యం రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. కాబట్టి పాత పెట్టెకి స్క్రూలు దూరదూరంగా ఉంటే, కొత్త బ్యాండ్‌కి అది పెట్టె కాదు, జల్లెడ.

అందుకే మంచి పెట్టెల్లో తలుపు చుట్టూ గాస్కెట్, అంటే సందు మూసే పట్టీ, ఉంటుంది. బెరీలియం రాగితో చేసిన దువ్వెన పళ్లలాంటి స్ప్రింగులు, లేదా ఫోమ్ మీద లోహపు పూత ఉన్న గుడ్డ చుట్టినవి. అవి నొక్కుకున్నప్పుడు అంగుళం అంగుళానికీ లోహం లోహాన్ని తాకాలి. ఇక్కడ నేను చూసిన తప్పుల్లో మొదటిది రంగు. ఎవరో అందంగా ఉంటుందని గాస్కెట్ ఆనే అంచు మీద కూడా పౌడర్ కోటింగ్ వేయించేస్తారు. రెండోది ఆనోడైజింగ్. అల్యూమినియం మీద ఆ పొర చూడటానికి లోహంలాగే మెరుస్తుంది, మల్టీమీటర్ పెట్టి చూస్తే కరెంటు పారదు. అది ఇన్సులేటర్. మూడోది చేతి జిడ్డు, దుమ్ము, విరిగిన పళ్లు. రోజుకు వందసార్లు తెరిచి మూసే తలుపు కొన్నాళ్లకి అరుగుతుంది, కొన్నప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ మాత్రం గోడ మీద అలాగే మెరుస్తూ ఉంటుంది. నన్నడిగితే డబ్బు గోడ మందం మీద కాదు, తలుపు మీద పెట్టండి.

లీకు ఎక్కడుందో కనిపెట్టడం కష్టమేం కాదు. లోపల బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి మూసేయండి, బయట స్పెక్ట్రమ్ అనలైజర్‌కి (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపించే పరికరం) చిన్న లూప్ ప్రోబ్, అంటే తీగ చుట్ట, తగిలించి తలుపు అంచు వెంబడి మెల్లగా నడిపించండి. లీకున్న చోట స్క్రీన్ మీద ముల్లు లేస్తుంది. పద్ధతి ప్రకారం కొలిచి నంబర్ రాసుకోవాలంటే ఐట్రిపుల్ఈ అనే ఇంజినీర్ల సంస్థ రాసిన 299 అనే ప్రమాణం ఉంది, రెండు మీటర్ల కంటే చిన్న పెట్టెలకి దాని తమ్ముడు 299.1 ఉంది, 2013లో వచ్చింది. అది చదివి చేయండి. కానీ రోజువారీ పనికి లూప్ ప్రోబ్ ఇచ్చినంత జ్ఞానం ఏ సర్టిఫికెట్టూ ఇవ్వదు.

ఇక గాలి సంగతి. పరికరం వేడెక్కుతుంది, గాలి కావాలి, గాలి వెళ్లే దారిలో తరంగం వెళ్లకూడదు. దీనికి తేనెపట్టులాంటి జాలీ పెడతారు. అది జాలీ కాదు నిజానికి, పక్కపక్కనే పేర్చిన సన్నటి గొట్టాలు. గొట్టం వ్యాసం తరంగదైర్ఘ్యంతో పోలిస్తే బాగా చిన్నదైతే తరంగం లోపల ముందుకు సాగలేదు, వ్యాసమంత దూరం వెళ్లిన ప్రతిసారీ 30 డెసిబెల్స్ చొప్పున నీరసపడిపోతుంది. కాబట్టి వ్యాసానికి నాలుగు రెట్లు లోతుంటే గోడ కట్టినట్టే, గాలికి మాత్రం తెరిచిన కిటికీ. ఆప్టికల్ ఫైబర్ తీగని లోపలికి తేవడానికి కూడా ఇలాంటి గొట్టమే వాడతారు, సెంటీమీటర్ వ్యాసం, నాలుగైదు సెంటీమీటర్ల పొడవు. వైఫైకి అది మూసిన తలుపు. అయితే సెంటీమీటర్ గొట్టంలో 17.6 గిగాహెర్ట్జ్ దాటిందంటే తరంగం దర్జాగా నడిచిపోతుంది. కాబట్టి వైఫై కోసం కొన్న పెట్టెలో 28 గిగాహెర్ట్జ్ 5జీ పరికరం పెట్టి కొలుస్తానంటే నేను ఒప్పుకోను.

ఇక్కడే నా సొంత కథ ఒకటి చెప్పాలి, పరువు తక్కువే కానీ మీకు పనికొస్తుంది. ఒకచోట పని చేసే రోజుల్లో మా రిసీవర్ పొద్దున బాగా పని చేసేది, మధ్యాహ్నం పది డెసిబెల్స్ మందగించేది. వేడి వల్ల అనుకున్నాం, ఫ్యాన్ పెట్టాం. బోర్డు మార్చాం. యాంటెన్నా మార్చాం. క్రిస్టల్ మీద అనుమానం వచ్చి దాన్నీ మార్చాం. మూడు రోజులు పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాం. చివరికి చూస్తే ఆ ఫైబర్ గొట్టంలోంచి ఎవరో చార్జింగ్ వైర్ లోపలికి దూర్చారు, 'కన్నం ఖాళీగా ఉంది కదా' అని. గొట్టంలో ఫైబర్ ఉంటే అది గొట్టమే, లోహపు తీగ దూర్చారంటే అది కోయాక్సియల్ కేబుల్ (లోహపు తొడుగు మధ్యలో తీగ ఉండే టీవీ కేబుల్ లాంటిది) అయిపోతుంది, ఏ ఫ్రీక్వెన్సీనైనా లోపలికి మోసుకొచ్చేస్తుంది. బయట ఉన్న మీటరు వైరు యాంటెన్నాగా పట్టుకుంటుంది, లోపల ఉన్న అర మీటరు మళ్లీ వెదజల్లుతుంది. మధ్యాహ్నాలు పక్క టేబుల్ వాళ్లు ట్రాన్స్‌మిట్ టెస్టులు చేసేవారు, అదీ సంగతి. ఆ దూర్చింది ఎవరో అడక్కండి. నేనే.

అప్పటినుంచి నాకో పట్టింపు ఉంది. పెట్టె లోపలికి వెళ్లే ప్రతి తీగా గోడ దగ్గర ఆగి, ఫిల్టర్‌కి దండం పెట్టి లోపలికి వెళ్లాలి. రేడియో సిగ్నల్ అయితే గోడకి బిగించిన ఎస్‌ఎంఏ లేదా ఎన్ టైప్ కనెక్టర్ (రేడియో కేబుళ్లకి వాడే మరలాంటి కనెక్టర్లు) ద్వారా, తొడుగు మొత్తం గోడకి అంటుకునేలా. పవర్ అయితే పై (π) ఫిల్టర్ ద్వారా, అంటే π అక్షరం ఆకారంలో అమర్చి రేడియో రొదని ఆపే ఫిల్టర్ ద్వారా. యూఎస్‌బీ దగ్గరే అసలు తలనొప్పి, ఎందుకంటే ఆ తీగలో పరిగెత్తే డేటా వేగమే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, రేడియోని ఆపి డేటాని వదలమని ఫిల్టర్‌కి ఎలా చెప్తారు? యూఎస్‌బీ 3 సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పోతుంది, దాని రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పడుతుంది. పెట్టె బయట ప్రపంచాన్ని మొత్తం ఆపేసి, లోపల ఆ కేబుల్‌ని పెట్టుకున్నారంటే ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. వీలైన చోట యూఎస్‌బీ 2తో సరిపెట్టండి, లేదంటే డేటాని ఫైబర్ మీదకి మార్చి తెండి.

సరే, బయటి గోల ఆగింది. ఇప్పుడు లోపలి గోల.

60, 50, 40 సెంటీమీటర్ల పెట్టె ఒకటి తీసుకోండి, లోపల ఖాళీ, గోడలు మెరిసే లోహం. బయటికి పోలేని తరంగం ఏం చేస్తుంది? తిరుగుతుంది. స్నానాల గదిలో పాడితే గొంతు గంభీరంగా వినిపిస్తుంది కదా, టైల్స్ మీద మోగి కొన్ని స్వరాలు పెద్దవవుతాయి, కొన్ని చచ్చిపోతాయి. ఈ పెట్టెకి మొట్టమొదటి స్వరం 390 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ చేరేసరికి అలాంటి స్వరాలు 500 పైనే పోగవుతాయి, ఒకదాని మీద ఒకటి. ఫలితం ఏంటంటే పెట్టె లోపల ఒక చోట సిగ్నల్ పొంగుతుంది, మూడు సెంటీమీటర్లు జరిపితే 20 డెసిబెల్స్ పడిపోతుంది. మీరు మంచి బోర్డుని ఫెయిల్ చేస్తారు, చెడ్డదాన్ని పాస్ చేస్తారు, రెండిటికీ రిపోర్ట్ ప్రింట్ తీస్తారు.

మందు తెలిసిందే, లోపల ఫోమ్ అతికించాలి. కార్బన్ కలిపిన పాలీయురేథేన్ ఫోమ్, తరంగాన్ని తనలో ఇంకించుకుని వేడిగా మార్చేస్తుంది. పెద్ద అనెకోయిక్ చాంబర్లలో, అంటే ప్రతిధ్వని లేకుండా చేసిన గదుల్లో, నీలం రంగు పిరమిడ్లు ఫొటోల్లో చూసే ఉంటారు. ఆ ఆకారం అందం కోసం కాదు. గాలి నుంచి ఫోమ్‌లోకి మార్పు ఒక్కసారిగా జరిగితే ఆ మార్పే తరంగాన్ని వెనక్కి కొడుతుంది, పిరమిడ్ కొన దగ్గర మొదలై మెల్లమెల్లగా చిక్కబడితే తరంగం తెలియకుండానే లోపలికి జారిపోతుంది. పిరమిడ్ ఎత్తు తరంగదైర్ఘ్యంతో పోటీ పడేలా ఉండాలి. 700 మెగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 43 సెంటీమీటర్లు, మన పెట్టె పొడుగాటి వైపే 60 సెంటీమీటర్లు, ఇంక పిరమిడ్ ఎక్కడ పెడతాం? అందుకే చిన్న పెట్టెల్లో పొరలు పొరలుగా చేసిన చదును ఫోమ్ వేస్తారు, అది రెండు మూడు గిగాహెర్ట్జ్ పైన బాగానే పని చేస్తుంది, కిందకి వెళ్లేకొద్దీ చేతులెత్తేస్తుంది. అమ్మేవాళ్లు ఈ రెండో సగం మెల్లగా చెప్తారు. ఫోమ్ వేడిని కూడా కప్పి పెడుతుందని మర్చిపోకండి. గంటసేపు పూర్తి పవర్‌లో నడిస్తే పరికరం తనంతట తనే పవర్ తగ్గించుకుంటుంది, మీరు యాంటెన్నాని తిట్టుకుంటారు.

ఇప్పుడు యాంటెన్నా. పెట్టెలో మీ పరికరంతో మాట్లాడటానికి పెట్టే యాంటెన్నా ఏది ఉండాలి? పరికరంతో పాటు వచ్చిన ఆ నల్లటి రబ్బరు కడ్డీ యాంటెన్నా తీసి లోపల పెట్టేవాళ్లు ఉన్నారు. అది తన చుట్టూ అన్ని పక్కలకీ సమానంగా వెదజల్లుతుంది, అంటే మీరు వద్దనుకున్న చుట్టూ గోడలకీ సిగ్నల్ పంచుతుంది. నాకైతే ఒకవైపుకే చూసే యాంటెన్నా కావాలి. ఒక్క బ్యాండ్ అయితే ప్యాచ్, అంటే చదునైన లోహపు బిళ్ల యాంటెన్నా, చాలు. 700 మెగాహెర్ట్జ్ నుంచి 7 గిగాహెర్ట్జ్ దాకా ఒక్కటే కావాలంటే వివాల్డీ, అది బూరలా విచ్చుకునే రాగి ముక్క, సన్నగా గోడకి ఒదిగిపోతుంది. లాగ్ పీరియాడిక్ (పొడవు తగ్గుతూ వరుసగా పేర్చిన కడ్డీల యాంటెన్నా) కూడా ఆ పనే చేస్తుంది కానీ చోటు తింటుంది. హార్న్, అంటే నోరు తెరిచిన లోహపు గొట్టం లాంటి యాంటెన్నా, అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది, కాకపోతే చిన్న పెట్టెలో దాన్ని పెట్టాక పరికరానికి చోటు మిగలాలి.

అందరూ వదిలేసేది పోలరైజేషన్, అంటే తరంగం నిలువుగా ఊగుతోందా, అడ్డంగానా అన్నది. మీ యాంటెన్నా నిలువు, పరికరంలో యాంటెన్నా అడ్డం అయితే 20 డెసిబెల్స్ సులువుగా మాయం. పైగా ఫోన్ లాంటి వాటిలో యాంటెన్నా ఏ వైపు తిరిగి ఉందో బయటికి కనిపించి చావదు. వృత్తాకార పోలరైజేషన్ (ఊగే దిశ గుండ్రంగా తిరుగుతూ ఉండేది) ఉన్న యాంటెన్నా పెడితే దాని ఎదురుగా పరికరం నిలువున్నా అడ్డమున్నా 3 డెసిబెల్స్ మాత్రమే పోతాయి, ఎప్పుడూ అవే మూడు. ఫ్యాక్టరీ లైన్‌లో ఆపరేటర్ పరికరాన్ని ఎలా పెడతాడో తెలియనప్పుడు ఆ మూడూ సంతోషంగా ఇచ్చేస్తాను.

దూరం ఇంకో తగువు. యాంటెన్నా మరీ దగ్గరగా పెడితే అది కొలవడం మానేసి జోక్యం చేసుకోవడం మొదలుపెడుతుంది, పరికరంలోని యాంటెన్నా శ్రుతి చెడుతుంది. ఎంత దూరం పెట్టాలో ఒక లెక్క ఉంది, పరికరం పొడవు వర్గాన్ని రెండుతో హెచ్చించి తరంగదైర్ఘ్యంతో భాగించండి. పది సెంటీమీటర్ల పరికరానికి 2.4 గిగాహెర్ట్జ్‌లో 16 సెంటీమీటర్లు, పెట్టెలో పడుతుంది. అదే పరికరానికి 28 గిగాహెర్ట్జ్‌లో దాదాపు 1.9 మీటర్లు! అందుకే అక్కడ వంపు తిరిగిన అద్దంలాంటి రిఫ్లెక్టర్ పెట్టి, దూరం నుంచి వచ్చినట్టుండే తరంగాన్ని దగ్గర్లోనే పుట్టిస్తారు. ఇటు దగ్గర ఉండటం వల్ల సిగ్నల్ మరీ బలంగా అందుతుంది, చెవిలో నోరు పెట్టి అరిచినట్టు రిసీవర్ బెదిరిపోతుంది. మధ్యలో కేబుల్‌కి సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టండి, మార్చుకోగలిగేదైతే ఇంకా మంచిది. 6 డెసిబెల్స్ పెంచినప్పుడల్లా పరికరాన్ని రెట్టింపు దూరం జరిపినట్టే, కుర్చీలోంచి లేవకుండా.

ఇంత చేశాక కూడా ఈ పెట్టె ఇచ్చే నంబర్‌ని నేను నిజమైన విలువ అనను. ఇది పోల్చడానికి. బాగా పని చేస్తుందని పెద్ద చాంబర్‌లో రుజువైన ఒక పరికరాన్ని దాచుకోండి, దాన్ని రోజూ పొద్దున పెట్టెలో పెట్టి కొలవండి. నిన్నటికీ ఈరోజుకీ ఒకటిన్నర డెసిబెల్ తేడా వచ్చిందంటే పని ఆపి గాస్కెట్ చూడండి, కనెక్టర్ బిగింపు చూడండి. పరికరాన్ని ఉంచడానికి ప్లాస్టిక్ అచ్చు చేయించండి, చేత్తో 'సుమారుగా ఇక్కడ' అని పెట్టడం వద్దు. పరికరం అన్ని దిక్కులకీ కలిపి ఎంత పవర్ వెదజల్లుతోంది, ఎంత తక్కువ వినగలదు అనే టీఆర్‌పీ, టీఐఎస్ విలువలు కావాలంటే పెద్ద చాంబర్‌కే వెళ్లాలి, లేదంటే రివర్బరేషన్ చాంబర్‌కి. ఆ రెండోది తమాషాగా ఉంటుంది, అందులో ఫోమ్ ఉండదు, ప్రతిధ్వనులని కావాలని ఉంచి, పెద్ద లోహపు రెక్కలు తిప్పి బాగా కలిపేసి సగటు తీస్తారు.

చేయి ఎవరో ఎత్తారు... అడగండి. 'ఇవేవీ లేకుండా ఇంట్లో చేసుకోవచ్చా' అంటున్నారు. చేసుకోవచ్చు, నేనూ చేశాను. నొక్కితే బిగిసే మూత ఉన్న లోహపు పెయింట్ డబ్బా ఖాళీది తీసుకోండి. ఆ మూత చుట్టూ గట్టిగా ఒరుసుకుంటూ కూర్చుంటుంది కాబట్టి పొడవైన సందు మిగలదు, స్క్రూలు పెట్టిన అల్యూమినియం పెట్టెల కంటే చాలాసార్లు అదే నయం. అడుగున ఒక్క కన్నం, దానికి ఎస్‌ఎంఏ కనెక్టర్, లోపల ఫోమ్ ముక్కలు, పరికరం తన బ్యాటరీ మీదే నడవాలి, ఇంకే తీగా వద్దు. మూత ఆనే అంచు మీద ఎండిన రంగు ఉంటే మాత్రం లోహం కనబడేదాకా గీకండి. దాన్నలాగే వదిలేసి సాయంత్రమంతా లీకు కోసం వెతికినవాణ్ణి నేనొకణ్ణి ఉన్నాను. ఇటువైపు ఇంకో ప్రశ్న ఉన్నట్టుంది, మైకు అటు ఇవ్వండి.